కుక్కకు పథ్యం

మా మామగారికి ఎవరి చెయ్యీ పట్టుకుని నడవడం ఇష్టం ఉండేది కాదు. రెండు కళ్ళకూ శుక్లాలు ముదిరాయి. వెలుగుకీ నీడకీ తేడా తెలిసేది, ఎదురుగా మనిషి నిలబడితే ఎవరో ఒకరు నిలబడ్డారని తెలిసేది, అంతే. అయినా పంతం మాత్రం చెక్కుచెదరలేదు. మా ఆయన చెయ్యి అందిస్తే, "నేనేటి పెళ్ళికొడుకునా, సెయ్యట్టుకుని నడిపించడానికి" అని కసిరేవారు. మా అత్తగారు పోయి అప్పటికి మూడేళ్ళు దాటింది. ఇంట్లో మరో ఆడదిక్కు లేదు కాబట్టి మామగారితో నేరుగా మాట్లాడే చనువు నాకు వచ్చింది గానీ, చెయ్యి పట్టుకునేంత చనువు ఆ రోజుల్లో ఏ కోడలికీ ఉండేది కాదు.

ఆయనకు దారి చూపించింది ఒక ఎర్రటి నాటుకుక్క. గానుగ ఆడే రోజుల్లో బెల్లం పెనం మీంచి తీసి పారేసే మడ్డి నాకడానికి వచ్చి, సీజన్ అయిపోయినా వెళ్ళలేదు. దానికి పేరు లేదు. మామగారు "ఒరే" అంటే వచ్చేది. నేను ఎన్ని పిలుపులు పిలిచినా చెవి కూడా కదిపేది కాదు. చచ్చిపోయిన పెయ్యదూడ మెడలోని చిన్న గంటను మామగారే దాని మెడకు కట్టారు. పొద్దున్నే అది ముందు, ఆయన వెనక. ఇంటి దగ్గర నుంచి చెరకు మడి దాకా గట్టు మీద ఆ గంట చప్పుడు పట్టుకుని నడిచేవారు. గట్టుకు గండి పడిన చోట కుక్క ఆగేది, ఆయన కర్రతో తడిమి దాటేవారు. మడికి వెళ్ళి చెరకు ఆకును వేళ్ళ మధ్య నలిపి, నీళ్ళు ఎప్పుడు పెట్టాలో ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పేవారు. ఆ మాట ఒక్కసారి కూడా తప్పలేదు.

కళ్ళకు ఆపరేషన్ చేయించుకోవచ్చు. విశాఖపట్నంలో చేస్తున్నారు, చేయించుకున్న వాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు. ఆ మాట ఎత్తితే చాలు, మామగారు గూట్లోంచి పంచాంగం తియ్యమనేవారు. నేను ఎనిమిదో తరగతి దాకా చదువుకున్నదాన్ని, ఆ ఇంట్లో పంచాంగం చదవడం నా పని. ఆయన వినేవారు. ఒకసారి మూఢం వచ్చేది, ఒకసారి శూన్యమాసం. ఏదీ లేకపోతే ఆ దిక్కుకు వారశూల ఉండేది. నాకు అక్షరాలు వచ్చు, ఆయనకు ఎక్కడ వెతికితే దోషం దొరుకుతుందో వచ్చు. అలా మూడు ఏళ్ళ పంచాంగాలు పాతబడ్డాయి. భయమని ఆయన ఒక్కనాడూ అనలేదు. నేనూ అనలేదు, కానీ లోపల నాకు ఒళ్ళు మండేది.

ఆ ఏడాది మాఘంలో మా చివరి మడి చెరకు నరుకుతున్నారు. నలువైపుల నుంచీ నరుక్కుంటూ వస్తే, లోపల దాక్కున్న అడవిపంది చివరికి బయటికి దూకక తప్పదు. అది నేరుగా గట్టు మీదికి వచ్చింది. గట్టు మీద మామగారు నిలబడి ఉన్నారు. కుక్క అడ్డం వెళ్ళింది. పంది పోయింది గానీ, పోతూ కుక్క తొడను కోరతో చీల్చింది. మామగారికి చప్పుళ్ళు తప్ప ఏమీ తెలియలేదు. "ఏటైంది, ఆడేడీ" అని అడుగుతూ నిలబడ్డారు. కుక్క కుంటుకుంటూ వచ్చి ఆయన కాలికి ఆనుకున్నాక గానీ ఊరుకోలేదు.

మా ఆయన దాన్ని గోనెలో వేసుకుని పశువుల ఆస్పత్రికి తీసుకువెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను. అక్కడికి ఎడ్లూ గేదెలూ వస్తాయి గానీ కుక్కను తెచ్చిన వాళ్ళు లేరు. డాక్టరు కృష్ణా జిల్లా వైపు మనిషి, నెమ్మదిగా మాట్లాడేవారు. గాయం కడిగి కుట్లు వేసి, దాన్ని ఎగాదిగా చూసి, సల్ఫా మాత్రలు పద్నాలుగు పొట్లం కట్టి ఇచ్చారు.

"పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, ఏడు రోజులు వెయ్యాలమ్మా. నీళ్ళు బాగా తాగించండి. తగ్గినట్టు కనిపించినా ఆపకండి," అన్నారు.

నేను తల ఊపాను. తల ఊపడంలో నాకు ఎప్పుడూ లోటు లేదు.

ఇంటికి రాగానే మామగారు లంఖణం మొదలుపెట్టించారు. లంఖణం పరమౌషధం అన్నది ఆయనకు వేదం. మనిషికైనా జ్వరం వస్తే మూడు రోజులు కడుపు మాడ్చి, తగ్గాక ఐదో రోజునో ఆ తర్వాతో మంచి దినం చూసి, వేడినీళ్ళు పోసి, బీరకాయ కూరా మిరియాల చారుతో మొదటి అన్నం పెట్టాలి. అదే పథ్యం. పథ్యం తిన్నారంటే రోగం పోయినట్టు. ఆ తర్వాత మందు ముట్టకూడదు. మందు మింగితే పోయిన రోగాన్ని గుమ్మంలోంచి వెనక్కి పిలిచినట్టే అని మా వైపు గట్టి నమ్మకం. పందిని ఎదిరించిన కుక్కకు ఇంట్లో మనిషికి జరిగినట్టు జరగాలని మామగారి పట్టుదల.

మాత్రలకు ఇబ్బంది లేదు. అప్పుడే దిగిన పాకం బెల్లం ఉంది, వేడి మీద మాత్ర చుట్టూ ఉండ చేస్తే కుక్క అడిగి తినేది. ఆయన చూడకుండా నీళ్ళూ, కాస్త గంజీ పోశాను. నాలుగో రోజుకు గాయం ఆరింది. ఐదో రోజు పథ్యం. నీళ్ళు పోసి, గిన్నెలో చారన్నం పెట్టాం. అది కూర వదిలేసి అన్నం తింది. మామగారు మళ్ళీ దాని మెడకు గంట కట్టారు. మాత్రలు ఇంకా ఆరు మిగిలాయి.

తప్పంతా ఆయనదే అని చెప్పుకుంటే నాకు సుఖంగానే ఉండేది. కానీ ఆ ఆరు మాత్రలు చూసి నాకు సంతోషం కలిగిన మాట నిజం. నేను ఏదీ పారెయ్యను. పోపులపెట్టెలో ఖాళీగా ఉన్న అరలో వాటిని దాచాను. ఆ తర్వాత ఆ ఇంటికి నేనే డాక్టర్ని. ఎద్దు మెడ కాడి ఒరుసుకుని పుండు పడితే ఒక మాత్ర నూరి చల్లాను, సముద్రంలో కాకిరెట్ట. ఇంట్లో పిల్లి కాలు నాకుకుంటుంటే అరమాత్ర నెత్తళ్ళ ఎండుచేప ముక్కలో పెట్టి తినిపించాను. కుక్క తొడ మీద మచ్చ కాస్త తడిగా కనిపిస్తే ఒకటి వేశాను, ఆరిపోయింది. పదిహేను రోజులకు మళ్ళీ తడి, మళ్ళీ ఒకటి. నా చేతివాటం చూసుకుని నేనే మురిసిపోయాను.

వైశాఖం ఎండల్లో ఆ మచ్చ పగిలింది. రెండు రోజుల్లో తొడంతా ఉబ్బి, రంధ్రం పడి, చీము కారడం మొదలైంది. కుక్క ఒళ్ళు కాలిపోతోంది. తిండి మానేసింది. గంట బరువు కూడా మోయలేక మెడ వాల్చేస్తే నేనే విప్పి గోడకున్న మేకుకు తగిలించాను. ఆ చప్పుడు విన్న మామగారు అరుగు మీద గోడవైపు తిరిగి పడుకున్నారు.

మర్నాడు మేం చూడకుండా కర్ర పట్టుకుని ఒక్కరే మడికి బయలుదేరారు. తిరిగి వచ్చేటప్పటికి పంచె మోకాళ్ళ దాకా బురద. "బోదెలో కాళ్ళు కడుక్కున్నాను," అన్నారు. మోచెయ్యి గీసుకుపోయి రక్తం చారికలు కట్టింది. బోదెకాలవలో కాళ్ళు కడుక్కుంటే మోచెయ్యి ఎలా గీసుకుంటుందో నేను అడగలేదు. ఆ తర్వాత ఆయన అరుగు దిగలేదు. చెరకు ఎలా ఉందని సాయంత్రం నన్ను అడిగేవారు. పచ్చగా ఉందండీ అనేదాన్ని. "పచ్చగా ఉండక నల్లగా ఉంటాదేటి" అని విసుక్కునేవారు. కుక్క లేవకపోతే ఈ మనిషి ఇక ఇల్లు కదలడని నాకు అర్థమైంది. కదలని రైతు ఎన్నాళ్ళు ఉంటాడు. నాకు భయం వేసింది.

డాక్టరు ఈసారి ఇంటికే వచ్చారు. మూడు రోజులు వరసగా పెనిసిలిన్ సూది వేశారు. ఏమీ మారలేదు. మూడో రోజు ఆయన అరుగు చివర కూర్చుని, చేతులు తుడుచుకుంటూ నన్ను అడిగారు.

"అమ్మా, అప్పుడిచ్చిన మాత్రలు పద్నాలుగూ అయ్యాయా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కుక్క అక్కడే పడుకుని ఉంది. లోపలికి వెళ్ళి పోపులపెట్టె తెచ్చి ఆయన ముందు తెరిచాను. ఆవాలకీ మెంతులకీ మధ్య రెండున్నర మాత్రలు ఉన్నాయి, పసుపు అంటుకుని. ఆయన వాటిని అరచేతిలో వేసుకుని చాలాసేపు చూశారు. మిగతావి ఎవరెవరికి వెళ్ళాయో కూడా చెప్పాను. ఎద్దు దగ్గర ఆయన ముఖంలో నవ్వు కదిలింది గానీ పిల్లి దగ్గరికి వచ్చేసరికి పోయింది.

"నాలుగు రోజుల్లో చచ్చినవి మెత్తటి క్రిములమ్మా," అన్నారు. "గట్టివి మిగిలాయి. వాటికి మీరు పదిహేను రోజులకో మాత్ర చొప్పున రుచి చూపించారు. ఇప్పుడు వాటికి ఆ మందంటే లెక్కలేదు. పెనిసిలిన్‌కీ లొంగడం లేదు."

గోడవైపు తిరిగి పడుకున్న మామగారు అప్పుడు లేచి కూర్చున్నారు.

"తుంగలాగన్నమాట," అన్నారు. "పైన కోసేసి సాగు బాగుందనుకుంటాం. గడ్డ లోపల ఉండిపోద్ది. మల్లీ వొచ్చినప్పుడు ముందుకన్నా ఒత్తుగా వొస్తాది."

"సరిగ్గా అంతే," అన్నారు డాక్టరు. "నేనూ ఒక తప్పు చేశాను. అప్పుడు దాన్ని కంటితో చూసి అంచనాగా మాత్రలు ఇచ్చాను. ఈసారి తూచి ఇస్తాను."

మా ఇంట్లో బెల్లం తూచే కాటా ఉంది. కుక్కను గోనెపట్టాలో చుట్టి ఒక తట్టలో పెట్టి, రెండో తట్టలో తూకపు గుండ్లు వేశాం. మణుగున్నర తూగింది. డాక్టరు దాన్ని పౌన్లలోకి మార్చి కాగితం మీద లెక్క వేసుకున్నారు. మంచి బెల్లం దిమ్మలా ఉన్న రోజుల్లో ఇది ఎంత తూగేదోనని మామగారు గొణుక్కున్నారు. కుక్కను బెల్లంతో పోల్చడం ఆయన దృష్టిలో పెద్ద పొగడ్త.

నాలుగో రోజు బస్సులో విశాఖపట్నం నుంచి కొత్త మందు వచ్చింది. రెండు రంగుల గొట్టాల్లో పొడి. పేరు నాకు నోరు తిరగలేదు. డాక్టరు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, బడిపిల్లకు చెప్పినట్టు చెప్పి, నా చేత తిరిగి చెప్పించుకున్నారు. రోజుకు మూడు గొట్టాలు, పది రోజులు, ముప్పై. ఖాళీ కడుపున వెయ్యకూడదు, ముందు కాస్త జావ పొయ్యాలి. గొట్టం విప్పకూడదు, పొడి చేదు, ఒకసారి చేదు తెలిస్తే మళ్ళీ నోరు తెరవదు. కక్కినా, విరేచనాలు పట్టుకున్నా, చిగుళ్ళు తెల్లబడినా వెంటనే తనకు చెప్పాలి, నా సొంత వైద్యం చెయ్యకూడదు. పుండు కడిగాక నా చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

"ఇంకొకటి. ఇది పిల్లికి పెట్టకండి. సగం కాదు, చిటికెడు కూడా వద్దు. పిల్లంటే చిన్నకుక్క కాదమ్మా. దాని ఒంట్లో ఈ మందు అరగదు, విషమవుతుంది."

"సరేనండీ."

"ఇది కూడా సగంలో ఆపితే, ఆ తర్వాత ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు," అన్నారు. ఆ మాట నాతో అన్నా, చూసింది మామగారి వైపు.

శనివారం మొదలుపెట్టాం. పొద్దున మొదటి బస్సు హారన్ మోగినప్పుడు ఒకటి, మధ్యాహ్నం బడి గంట కొట్టినప్పుడు ఒకటి, మేం భోంచేసి చెంబులు కడిగాక ఒకటి. గానుగ ఎప్పుడో ఆగిపోయింది, బెల్లం దిమ్మలు రాయిలా ఉన్నాయి. పొయ్యి దగ్గర మెత్తబరిచి ఉండ చేస్తే, ఆ దొంగకుక్క బెల్లం అంతా చప్పరించి గొట్టాన్ని కడిగిన ముత్యంలా నా కాళ్ళ ముందు పెట్టింది. రెండోసారీ అంతే. అప్పుడు నాకు ఒక ఉపాయం తోచింది. మూడు ఉండలు చేశాను. మొదటిది ఉత్తి బెల్లం, రెండో దాంట్లో గొట్టం, మూడోది దాని ముక్కు ముందే పట్టుకుని ఉంచాను. మూడో దాని మీద ఆశతో రెండోది నమలకుండా మింగేసింది. ఆశకు లోబడని ప్రాణి లేదని మా అమ్మ అనేది.

లంఖణం లేకుండా మందేమిటని మామగారు మొదటి రోజు నసిగారు. డాక్టరు ఖాళీ కడుపు వద్దన్నారని చెబితే, "జావ తాగితే లంకణం సెడదులే" అని ఆయనే సర్దుకున్నారు. కానీ పథ్యం విషయంలో సర్దుకుంటారని నాకు నమ్మకం లేదు.

నేను అనుకున్నంతా అయింది. నాలుగో రోజు పొద్దున కుక్క తనంతట తాను లేచి తొట్టి దగ్గరికి వెళ్ళి నీళ్ళు తాగింది. వాపు సగం తీసింది. మామగారు చేత్తో దాని తొడ తడిమి చూశారు. ఆయన ముఖం చూస్తే నాకు ఎంత సంతోషం వేసిందో, ఆ తర్వాత ఆయన నోటి నుంచి వచ్చే మాట తలుచుకుంటే అంత బెంగ పట్టుకుంది.

"పంచాంగం తియ్యమ్మా. రేపు ఐదోరోజు. పథ్యానికి బాగుందో లేదో సూడు."

పథ్యం పెట్టారంటే మందు ఆగిపోతుంది. మర్నాటికి ఇంకా పద్దెనిమిది గొట్టాలు మిగిలిపోతాయి. వద్దని వాదించవచ్చు. కానీ ఆ ఇంట్లో మామగారితో వాదించి గెలిచిన వాళ్ళు లేరు, పైగా వాదిస్తే పథ్యం ఆ పూటే పెట్టించేవారు. పంచాంగం తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. బుధవారం గళ్ళో దోషమేమీ లేదు. వేలు ఆ గడి మీదే పెట్టి నెమ్మదిగా చదివాను.

"బుధవారం అష్టమండీ, మావయ్యగారూ."

"అష్టమా?"

"అవునండీ. పనికిరాదు."

"మరి గురువారం?" అన్నారు.

"నవమి కదండీ. అష్టమి తర్వాత నవమే గదా."

గురువారం సాయంత్రం మళ్ళీ అడిగారు. శుక్రవారం కుక్కకే కాదు, మనిషికైనా పథ్యం పెట్టరు, అది నిజమే, నేను కల్పించనక్కర్లేదు. శనివారానికి భరణి నక్షత్రం తెచ్చాను. ఆదివారానికి ఏం తేవాలో తోచలేదు. కుక్క అప్పటికి అరుగు మీంచి దూకుతోంది, ఆయన మాట మాటకీ పంచాంగం అడుగుతున్నారు. "అమావాస్యండీ, సోమవారం పాడ్యమండీ" అనేశాను. ఆపరేషన్ తప్పించుకోవడానికి ఆయన పంచాంగాన్ని ఎలా వాడుకున్నారో, నేనూ అలాగే వాడుకుంటున్నానని నాకు తెలుసు. దేవుడి లెక్కల పుస్తకం మీద అబద్ధాలు చెబుతున్నానన్న బెరుకు ఉంది. కానీ దాని కింద, దాచి ఏం లాభం, చిన్న సరదా కూడా ఉంది.

ఆ మధ్యలోనే పిల్లి ఒక పరీక్ష పెట్టింది. ఎవరితోనో పోట్లాడి వచ్చి, దవడ కింద నిమ్మకాయంత గడ్డ తెచ్చుకుంది. నా చెయ్యి గొట్టాల డబ్బా దాకా వెళ్ళిన మాట ఒప్పుకోవాలి. ముప్పైలో ఒక్కటి, అందులో సగం, ఎవరికి తెలుస్తుంది అనిపించింది. డబ్బా మూత మళ్ళీ పెట్టేసి, పిల్లిని బుట్ట కింద మూసి ఆస్పత్రికి పట్టుకెళ్ళాను. డాక్టరు గడ్డ కోసి చీము తీసి, రోజూ ఉప్పునీళ్ళతో కడగమన్నారు. మందే అక్కర్లేదన్నారు. ఫినాయిలు మాత్రం దగ్గరికి రానివ్వద్దన్నారు, పిల్లి ఒళ్ళు నాకుతుంది కాబట్టి. నా చేతులకు గీట్లు పడ్డాయి గానీ నాలుగు రోజుల్లో అది మానిపోయింది. దానికి బెల్లం చూపిస్తే వాసన చూసి మొహం తిప్పుకునేది. మా చోడవరం ప్రాంతంలో పుట్టి బెల్లం తినని ప్రాణి నేను చూసింది అదొక్కటే.

సోమవారం మేం భోంచేశాక ముప్పయ్యో గొట్టం వేశాను. డబ్బా బోర్లించి చూపించాను, ఎవరికో నాకే తెలియదు. మంగళవారం డాక్టరు వచ్చి తొడ నొక్కి చూశారు. కొత్త చర్మం గులాబీ రంగులో ఉంది. ఇంకేమీ వద్దన్నారు. మిగిలిన మాత్రలేమైనా ఉన్నాయా అని పోపులపెట్టె వైపు చూసి అడిగారు. లేవన్నాను. ఆ రోజు నుంచి నేటి వరకు నా పోపులపెట్టెలో ఆవాలూ మెంతులూ జీలకర్రా తప్ప ఏమీ పెట్టలేదు. నా మాత్రలైనా, తగ్గాక కూడా చివరిదాకా మింగుతాను. మా మనవలు నవ్వుతారు.

"మంగళారం గదా ఇయ్యాళ. రేపే పథ్యం," అన్నారు మామగారు. పంచాంగం అడగలేదు. నేను గమనించలేదు.

బుధవారం ఇంట్లో పండగలా ఉంది. వేడినీళ్ళు కాచి, కుక్కకు పసుపు రాసి నీళ్ళు పోశాం. అది అందరి మీదా విదిలించింది. బీరకాయ కూర, మిరియాల చారు. దానితో పాటు నేను రెండు ఎండు నెత్తళ్ళు వేయించి అన్నంలో దాచాను. ఈసారి గిన్నె ఖాళీ చేసింది. మామగారు మేకును తడిమి గంట తీసుకుని, వాకిట్లో గొంతుక్కూర్చుని దాని మెడకు కట్టారు. ముడి వెయ్యడానికి చాలాసేపు పట్టింది. నేను సాయం వెళ్ళలేదు.

వాళ్ళిద్దరూ గట్టెక్కి వెళ్ళిపోయారు. నేను పెరట్లో గిన్నెలు తోముతూ గంట వినబడినంత దూరం విన్నాను. ఆ తర్వాత కూడా కాసేపు చెయ్యి ఆపి విన్నాను. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఇదేమిటి ఇంత చిన్న గంటకి అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఎండెక్కకముందే తిరిగి వచ్చారు. "రేపు నీళ్ళు పెట్టాల, ఆడికి సెప్పు" అన్నారు మా ఆయన గురించి. మజ్జిగ ఇచ్చాను. తాగి, అరుగు మీద కూర్చుని, కుక్క వీపు మీద చెయ్యి వేసి అన్నారు:

"బుధవారం అష్టమన్నావు. ఆదివారానికే అమాసన్నావు. నా సిన్నతనంలో మజ్జిన ఏడు రోజులుండేవమ్మా."

నెల పొడుపు చూసి విత్తనం వేసిన మనిషికి నేను తిథులు చెప్పాను. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే.

"ఆదోరం సందేళ నేనిక్కడే కూసున్నాను," అన్నారు ఆయన. "అరుగంతా ఎన్నెల. మడుసుల మొకాలే కనపడవు గానీ, ఎన్నెల కనపడదేటి నాకు?"

"తప్పయిపోయింది, మావయ్యగారూ," అన్నాను. "మందు ఆగిపోద్దేమోనని."

"తెలుసు. తుంగ సంగతి నాకు సెప్పాలా? కానీ ఐదోరోజు పథ్యం ఒద్దని నా నోటితో అనలేను. మా నాయన పెట్టిన పద్ధతి అది. నువ్వు దోసముందంటే నాకు సులువైపోయింది. అందుకే రోజూ అడిగేను."

నేను అక్కడే గడప మీద కూర్చుండిపోయాను. ఆరు రోజులు ఆయన్ని మోసం చేస్తున్నానని నేననుకుంటే, ఆరు రోజులూ నా చేత ఆ మాటలు అనిపించుకున్నది ఆయన. కోపం రావాలి. రాలేదు. నవ్వు వచ్చింది. ఆయనా నవ్వారు. అత్తగారు పోయాక ఆయన నవ్వగా నేను వినడం అదే మొదలు.

కుక్క మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఆయన తొడ మీద గడ్డం ఆనించుకుంది. ఆయన దాని చెవి సవరించారు. ఆయన మోచేతి మీద ఆ గీత ఇంకా పూర్తిగా మానలేదు.

"ఈడికి మల్లీ ఏదన్నా అయితే ఆ బోదెలో ఎన్నిసార్లు పడతాను," అన్నారు మెల్లగా. "మందు ఉంటే సివరాకరుదాకా మింగాల. నాకున్న మందు నేనే మింగకుండా తిరుగుతన్నాను. ఇశాపట్నం ఎల్లడానికి ఒక మంచిరోజు సూడమ్మా."

పంచాంగం గూట్లో ఉంది. నేను లేవలేదు.

"రేపే మంచిదండీ," అన్నాను.

"వర్జ్యం ఉందేటి?"

"లేదండీ."

"ఉన్నా సెప్పకు," అన్నారు.